సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం

సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం అనేది నిర్ణీత గడువులో, జిల్లా యూనిట్‌గా, స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా వయోజనులకు చదువు నేర్పేందుకు భారతదేశంలో రూపొందిన స్థానిక ప్రణాళికా విధానం. 1988 మే 5న మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ దీన్ని ప్రధాన కార్యక్రమంగా స్వీకరించింది. కేరళలోని ఎర్నాకుళం జిల్లా నమూనాగా నిలిచింది. 1990 ఫిబ్రవరి 4న అది సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించారు.

లక్షిత వయోవర్గం 15–35 ఏళ్లు. కలెక్టరు అధ్యక్షతన ఏర్పడే జిల్లా సాక్షరతా సమితి నిధులను నిర్వహించేది. ఖర్చును సాధారణ జిల్లాల్లో కేంద్రం, రాష్ట్రం 2:1 నిష్పత్తిలో భరించేవి. ప్రణాళికకు ఆధారం ఇంటింటి సర్వే: ఏ వాడలో ఎందరు నిరక్షరాస్యులు, అక్కడ చదువు చెప్పగలవారెవరు అన్నది దానిలోనే తేలేది. కళాజాతాలతో (కళాబృందాల ప్రదర్శనలతో) ప్రచారం, కార్యకర్తలకు శిక్షణ, ఆపై బోధన సాగేవి. మూడు వాచకాల పాఠ్యక్రమానికి సుమారు 200 గంటలు కేటాయించారు. కూలి పనుల దృష్ట్యా తరగతులు ఎక్కువగా సాయంత్రం, రాత్రి వేళల్లో జరిగేవి. నిమిషానికి 30 పదాలు పైకి చదవడం, 1 నుంచి 100 వరకు సంఖ్యలు గుర్తించి రాయడం ఉత్తీర్ణతా ప్రమాణాల్లో ఉండేవి.

ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా అనుభవం విశిష్టమైనది. అక్కడి అక్షరాస్యతా తరగతుల్లో సారా సమస్యపై సాగిన చర్చలు ఆ జిల్లాలోని దూబగుంట గ్రామ మహిళల సారా వ్యతిరేక ఆందోళనకు ప్రేరణయ్యాయి. 1992లో అది జిల్లా అంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అక్షరాస్యతానంతర విద్యకు తగిన కొనసాగింపు లేనిచోట నేర్చిన చదువు మరుగున పడటం సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలోని ప్రధాన లోపం. 2009 సెప్టెంబరు 8న ప్రారంభమైన సాక్షర భారత్ పథకంలో గ్రామ పంచాయతీ స్థాయి వయోజన విద్యా కేంద్రాలకు చోటు కల్పించారు.