48 గంటలు ఆగినా మారని వెబ్‌సైట్: డీఎన్ఎస్ కథ

సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ పోయే హైవే నంబర్ ఎంతో మీ నాన్నని అడగండి. చాలామంది "తొమ్మిది" అనే అంటారు. 2010లోనే దాన్ని 65గా మార్చారు. రోడ్డు అదే, రికార్డు మారింది, నోళ్ళలో మాత్రం పాతదే తిరుగుతోంది. ఇంటర్నెట్‌కి కూడా పుట్టినప్పటి నుంచి ఇదే జబ్బు.

మన ఇంటర్నెట్‌కి తాత లాంటిది ఆర్పానెట్. 1970లలో అందులో ఏ కంప్యూటర్ పేరుకి ఏ అడ్రస్ అన్నదంతా ఒక్క ఫైల్‌లో ఉండేది. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ టీమ్ దాన్ని చూసుకునేది. కొత్త మెషిన్ వస్తే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఎక్కించాలి, మిగతావాళ్ళు ఫైల్ మళ్ళీ దించుకోవాలి. దించుకోనివాడికి పాత అడ్రసే గతి.

1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ తెచ్చాడు. ఒక్క ఫైల్ ఎందుకు, ఎవరి పేర్లు వాళ్ళే చూసుకోండి అన్నాడు. ఒక మెయిన్ సర్వర్, దానికి కాపీగా ఇంకో సర్వర్. మరి మెయిన్‌లో మార్పు జరిగిందని కాపీకి ఎలా తెలుస్తుంది? ఒక సీరియల్ నంబర్ వల్ల. కాపీ సర్వర్ అప్పుడప్పుడు వచ్చి ఆ నంబర్ చూస్తుంది. తన దగ్గరున్న దానికంటే పెద్దదైతేనే కొత్త రికార్డులు తీసుకుంటుంది. 1996లో "మార్పు జరిగింది, రా" అని మెయిన్ సర్వరే కబురు పంపే పద్ధతీ వచ్చింది. కానీ కబురు అందినా కాపీ చూసేది ఆ నంబర్‌నే.

అసలు కిరికిరి ఇక్కడే. మిర్యాలగూడలో తెలిసినవాళ్ళ రైస్ మిల్లు సైట్, మెయిల్ కొత్త సర్వర్‌కి మార్చారు. సూర్యాపేటలో కొత్త సైట్ తెరుచుకుంటోంది, కోదాడలో పాతది. కొన్ని ఆర్డర్ మెయిల్స్ పాత సర్వర్‌కే పోతున్నాయి. వెబ్‌సైట్ చేసినతను "48 గంటలు ఆగండి" అన్నాడు. అందరూ చెప్పేది అదే కదా! నాలుగు రోజులైనా మారలే.

ఇది ఊరి తేడా కాదు, సిమ్ తప్పూ కాదు. ఒకరి నెట్‌వర్క్ మెయిన్ సర్వర్‌ని అడిగింది, ఇంకొకరిది కాపీని. ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో రెండు సర్వర్లనీ విడివిడిగా సీరియల్ అడిగితే గుట్టు బయటపడింది. సీరియల్‌ని సాధారణంగా తేదీలా రాస్తారు. ఎప్పుడో ఎవరో 2024కి బదులు 2042 కొట్టారు, తర్వాత మెయిన్‌లో సరిదిద్దారు. కాపీ దగ్గర 2042 ఉండిపోయింది. ఇక 2024 అంటే దానికి పాత ముచ్చటే, ఎన్నేళ్ళు ఆగినా తీసుకోదు. నంబర్‌ని 2042 పైకి పెంచాక కాపీ కదిలింది.

ఆగడం ఎప్పుడు పనిచేస్తుందంటే, రెండు సర్వర్లలో సీరియల్ ఒకటే ఉండి, రికార్డులూ కొత్తవే ఉన్నప్పుడు. అప్పుడు పాతది మీ నెట్‌వర్క్ క్యాష్‌లో ఉన్నట్టు. దాని గడువే టీటీఎల్, చాలాచోట్ల 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. సర్వర్ మార్చే రెండు రోజుల ముందే దాన్ని 300కి తగ్గించండి, ఐదు నిమిషాల్లో అందరికీ కొత్తది అందుతుంది.