కిరీటమును దించు విధము

1947 ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్యము లభించినది గాని గణతంత్రము ఏర్పడలేదు. 1950 జనవరి 26 వరకు, చట్టము దృష్టిలో, ఆరవ జార్జియే మనకు రాజు. ఆయన ఏలుబడిని ముగించుటకు మనము ప్రజల ఓటు కోరలేదు. స్వాతంత్ర్యమునకు ముందే, 1947 జనవరి 22న, మన రాజ్యాంగ పరిషత్తు గణతంత్రమే లక్ష్యమని తీర్మానించినది. రాజు పరాయివాడు, ఆయన పోయినందుకు చింతించినవారు మనలో అరుదు.

రాజు స్వదేశీయుడై, ప్రజలలో సగమునకు చేరువైనవారు ఆయననే కోరుచున్నచో నిర్ణయమెట్లు? ఇందుకు ఇటలీ చరిత్రను చూడవలెను.

ఇటలీ ఏకరాజ్యమైన 1861 నుండి సవోయ్ వంశజులు రాజ్యాంగబద్ధులైన రాజులుగా ఉండిరి. 1922లో మూడవ విక్టర్ ఇమాన్యుయేల్ ముస్సోలినీని ప్రధానిగా నియమించెను. రాజ్యాంగమును కాపాడవలసిన రాజే దానిని నియంత పాలు చేసెనన్న నింద ఆ వంశమును విడువలేదు. 1946 మే 9న ఆయన సింహాసనము వీడగా కుమారుడు ఉంబెర్టో రాజయ్యెను.

జూన్ 2, 3 తేదీలలో జనవాక్య సేకరణ జరిగినది. యావద్దేశపు ఎన్నికలో ఇటలీ స్త్రీలు ఓటు వేయుట అదియే ప్రథమము. ప్రశ్న ఒక్కటే: రాచరికమా, గణతంత్రమా? గణతంత్రమైనచో దాని స్వరూపమేమో తేల్చు పని, అదే దినములలో ఎన్నికైన రాజ్యాంగ సభకు వదలిరి. గణతంత్రమునకు సుమారు 1 కోటి 27 లక్షలు, రాచరికమునకు 1 కోటి 7 లక్షలు ఓట్లు వచ్చినవి. ఉత్తరము గణతంత్రము వైపు, దక్షిణము రాజు వైపు నిలిచెను. నేపుల్స్ వీథులలో ఘర్షణలు చెలరేగి ప్రాణనష్టము సంభవించినది. జూన్ 13న ఉంబెర్టో నిరసన తెలుపుచునే దేశము వీడి పోర్చుగల్‌కు వెడలిపోయెను.

తరువాతి అడుగు మనము గమనింపదగినది. తాత్కాలిక రాజ్యాధిపతిగా రాజ్యాంగ సభ ఎన్నుకొనినది ఎన్రికో డి నికోలాను. ఆయన నేపుల్స్ వాడు, రాచరికాభిమాని! గెలిచినవారు ఓడినవారి మనిషినే పెద్దపీటపై కూర్చుండబెట్టిరి.

1999 నవంబరు 6న ఆస్ట్రేలియాలో మరియొక విధము అవలంబించిరి. పార్లమెంటు మూడింట రెండు వంతుల ఆధిక్యముతో నియమించు అధ్యక్షుడు మీకు సమ్మతమా అని, గణతంత్రమును దాని స్వరూపమును ఒకే ప్రశ్నలో ముడివేసి అడిగిరి. అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొనవలెనన్న గణతంత్రవాదులు పలువురు రాచరికవాదులతో కలిసి కాదనిరి. సమ్మతించినవారు నూటికి 45 మంది మాత్రమే. ఆ దేశమునకు నేటికిని రాజు కలడు.

కనుక రాజు వలదనుట ఒక నిర్ణయము. ఆ పీఠముపై ఎవరు, ఎట్లు కూర్చుండవలెననుట వేరొక నిర్ణయము. లెక్కింపులో గెలిచిన గణతంత్రము, ఓడినవారు కూడ దానిని తమదిగా ఎంచిననాడే స్థిరపడును.