విశ్వవిద్యాలయం ఎన్నో మెట్టు మీద ఉంది?

సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ విషయంలో కొలవాల్సిన వస్తువు కన్నా కొలబద్ద ముందు పుట్టింది. ఆ సంగతి గుర్తుంచుకోకపోతే, విశ్వవిద్యాలయాల కంప్యూటర్ విభాగాలు ఈ కొలతతో ఇంతకాలం ఎందుకు ఇబ్బంది పడ్డాయో అర్థం కాదు.

1973లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు రిచర్డ్ నోలన్ ఒక సంస్థలో కంప్యూటర్ల వాడకం దశలవారీగా ఎదుగుతుందని ప్రతిపాదించాడు. 1979లో ఫిలిప్ క్రాస్బీ 'క్వాలిటీ ఈజ్ ఫ్రీ' పుస్తకంలో నాణ్యత నిర్వహణకు అయిదు దశల పట్టిక గీశాడు. ఆ దారిలోనే వాట్స్ హంఫ్రీ మరో అడుగు వేశాడు. ఆయన పనిచేసింది పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో. నిధులు అమెరికా రక్షణ శాఖవి. 1991లో అక్కడినుంచి కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్ (సీఎంఎం) వెలువడింది. అందులో మెట్లు అయిదు. ఎవరికి తోచినట్టు వారు పనిచేసే సంస్థ మొదటి మెట్టు మీద, తన పనిని తానే కొలుచుకుని సవరించుకునే సంస్థ అయిదో మెట్టు మీద ఉంటాయి. రక్షణ శాఖకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కాంట్రాక్టర్లలో ఎవరిని నమ్మవచ్చో తేల్చుకోవడం దాని అసలు ఉద్దేశం.

ఆ మెట్లు తెలుగువాళ్లకు కొత్త కాదు. 2000 ప్రాంతంలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు 'సీఎంఎం లెవెల్ 5' అని ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేవి. ప్రపంచంలో ఆ స్థాయి అందుకున్న సంస్థల్లో పెద్ద వాటా అప్పట్లో మన దేశానిదే. కాంట్రాక్టరును ఎంచుకోవడానికి తయారైన ఆ కొలబద్దనే తరువాత రకరకాల మార్పులతో బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ, చివరికి విశ్వవిద్యాలయాలకూ పట్టారు.

ఇక కొలవాల్సిన వస్తువు. గార్ట్‌నర్ సంస్థ విశ్లేషకులు రాయ్ షుల్టే, యెఫిమ్ నాటిస్ 1996లో సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ అనే మాట వాడారు. పొట్టిగా ఎస్‌ఓఏ. ఆలోచన చిన్నదే. పూర్వం ఊళ్లో భూమి లెక్క కరణం దగ్గర ఉండేది. ఎవరికి ఏ సర్వే నంబరు వివరం కావాలన్నా ఆయన్ను అడగాల్సిందే. అలాగే ఒక్కో సమాచారానికి, ఒక్కో పనికి బాధ్యత వహించే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉండాలి. మిగతా సాఫ్ట్‌వేర్లు ఒప్పందం ప్రకారం దాన్ని అడిగి తెలుసుకోవాలి. ఎవరి నకలు వారు దాచుకోకూడదు. ఇలా అడిగితే జవాబు చెప్పే భాగమే సర్వీస్.

ఆ పేరు రాకముందే విశ్వవిద్యాలయాలు ఈ పని మొదలుపెట్టాయి. ఎస్‌ఓఏ చరిత్ర రాసేవాళ్లు ఈ భాగాన్ని తరచుగా వదిలేస్తారు. 1983లో ఎంఐటీ డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐబీఎం కంపెనీలతో కలిసి ప్రాజెక్ట్ ఎథీనా చేపట్టింది. క్యాంపస్‌లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా విద్యార్థి తన ఫైళ్లతో తన పని తాను చేసుకోవాలన్నది లక్ష్యం. దానికోసం ఒక మనిషి తానెవరో రుజువు చేసుకునే పనిని అన్ని యంత్రాల నుంచీ విడదీసి ఒకేచోట పెట్టారు. అదే కెర్బెరోస్. నేటికీ ప్రపంచమంతటా ఆఫీసు నెట్‌వర్కుల్లో అది పనిచేస్తోంది. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి ఎల్‌డాప్ అనే డైరెక్టరీ పద్ధతి వచ్చింది. తరువాత యేల్ విశ్వవిద్యాలయం ఒక్క లాగిన్‌తో అన్ని వెబ్ అప్లికేషన్లలోకి వెళ్లే సీఏఎస్‌ను రాసింది. ఇంటర్‌నెట్2 కూటమి 2003లో షిబ్బొలెత్ తొలి వెర్షన్ విడుదల చేసింది. దానివల్ల ఒక విశ్వవిద్యాలయం విద్యార్థి తన సొంత లాగిన్‌తోనే వేరే సంస్థ జర్నళ్లు చదవగలిగాడు. ఈ ఒక్క విషయంలో, అంటే మనిషి గుర్తింపును సర్వీస్‌గా మార్చడంలో, వ్యాపార ప్రపంచం చాలాకాలం విశ్వవిద్యాలయాల వెనకే నడిచిందని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా ముఖ్యమని నేననుకునేది చూడటానికి ఏమంత ఆకర్షణ లేని పత్రం. 2001లో ఇంటర్‌నెట్2, ఎడ్యుకాజ్ సంస్థలు కలిసి 'ఎడ్యుపర్సన్' అనే ప్రమాణాన్ని తెచ్చాయి. డైరెక్టరీలో ఒక వ్యక్తికి విశ్వవిద్యాలయంతో ఉన్న సంబంధాన్ని ఏయే మాటలతో రాయాలో అది నిర్ణయించింది. అధ్యాపకుడు, విద్యార్థి, సిబ్బంది, ఉద్యోగి, పూర్వ విద్యార్థి, సభ్యుడు, అనుబంధ వ్యక్తి. అంతే జాబితా. అయినా దాని వెనక ఎంత తర్జనభర్జన జరిగి ఉంటుందో క్యాంపస్ పాలన తెలిసినవారు ఊహించగలరు. విద్యార్థి అంటే ఎవరు? సీటు వచ్చి ఇంకా ఫీజు కట్టనివాడా? ఫీజు కట్టి ఈ సెమిస్టరుకు పేరు నమోదు చేసుకోనివాడా? థీసిస్ సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్న పరిశోధకురాలా? అడ్మిషన్ల విభాగం, అకౌంట్స్, హాస్టల్, గ్రంథాలయం, పరీక్షల విభాగం ఒక్కో జవాబు చెబుతాయి. ఎవరి అవసరం మేరకు వారి జవాబు సరైనదే. ఆ అయిదు జవాబులనూ ఒక ఒప్పందానికి తేకుండా 'విద్యార్థి సర్వీస్' అని ఎన్ని లక్షలు పోసి కట్టినా, మర్నాడే హాస్టల్ వాళ్లు తమ ఎక్సెల్ షీట్ తాము తెరుచుకుంటారు.

2000 నుంచి వెబ్ సర్వీసుల ప్రమాణాలు వరసగా వచ్చాయి. సందేశాలకు సోప్, సర్వీసు వర్ణనకు డబ్ల్యూఎస్‌డీఎల్, సర్వీసుల చిరునామా పుస్తకంలాంటి యూడీడీఐ. వాటితోపాటు అమ్మకందారులూ వచ్చారు. 2005లో సోనిక్ సాఫ్ట్‌వేర్, సిస్టినెట్, యాంబర్‌పాయింట్, బేరింగ్‌పాయింట్ కంపెనీలు కలిసి అయిదు మెట్ల ఎస్‌ఓఏ మెచ్యూరిటీ మోడల్ ప్రకటించాయి. అదే ఏడాది ఐబీఎం నుంచి అలీ అర్సంజానీ, కెర్రీ హోలీ ఏడు మెట్ల నమూనా ప్రచురించారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడే కొనేవాడి వెనుకబాటుతనాన్ని కొలిచే పరిస్థితి వచ్చింది. తరువాతి మెట్టు ఎక్కడానికి కావలసిన సరుకు ఆ కంపెనీల దగ్గరే ఉండేది. ఆ కాలపు మదింపు నివేదికలను ఈ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి.

ఐబీఎం నమూనాను ప్రమాణాలు తయారుచేసే ది ఓపెన్ గ్రూప్ కూటమి తీసుకుని, సభ్యులందరి చర్చకు పెట్టి, 2009లో ఓసిమ్ పేరుతో ప్రమాణంగా విడుదల చేసింది. 2012లో అది ఐఎస్‌ఓ/ఐఈసీ 16680 అయింది. ఎవరి గది వారిదిగా ఉన్న స్థితి మొదటి మెట్టు, అవసరాన్ని బట్టి తనను తాను మార్చుకునే స్థితి ఏడో మెట్టు. సర్వీసులు నిజంగా కనిపించేది నాలుగో మెట్టు మీద. నిలువునా ఏడు మెట్లుంటే అడ్డంగా ఏడు కోణాలున్నాయి. కార్యకలాపాల దృష్టి, పాలన-సంస్థాగత ఏర్పాటు, పనిపద్ధతి, అప్లికేషన్లు, ఆర్కిటెక్చర్, సమాచారం, మౌలిక వసతులు. ఓసిమ్‌లో నాకు నచ్చే విషయం ఒకటుంది. అందరూ ఏడో మెట్టు ఎక్కాలని అది చెప్పదు. సంస్థ లక్ష్యానికి ఏ మెట్టు సరిపోతుందో ముందు తేల్చుకోమంటుంది. వాడినవాళ్లలో ఎక్కువమంది ఆ వాక్యాన్ని దాటేసి స్కోరు దగ్గరికి వెళ్లిపోయారు.

ఇదే కాలంలో ఉన్నత విద్యారంగం తన సొంత ప్రయత్నాలు తాను చేసింది. మెలన్ ఫౌండేషన్ నిధులతో 2001లో ఎంఐటీ ఓపెన్ నాలెడ్జ్ ఇనిషియేటివ్ మొదలుపెట్టి, బోధన సాఫ్ట్‌వేర్లు ఒకదాన్నొకటి ఎలా పిలవాలో నిర్వచించే పనికి పూనుకుంది. 2005లో బ్రిటన్‌కు చెందిన జిస్క్, ఆస్ట్రేలియా విద్యాశాఖ కలిసి 'ఇ-ఫ్రేమ్‌వర్క్' చేపట్టాయి. న్యూజిలాండ్, నెదర్లాండ్స్ తరువాత చేరాయి. విద్యకు, పరిశోధనకు కావలసిన సర్వీసులన్నిటికీ ఒక ఉమ్మడి జాబితా రాయాలన్నది ఆశయం. ఆ జాబితా సిద్ధాంతంలో చక్కగా ఉంది. దాన్ని ఆధారం చేసుకుని కొనుగోళ్లు జరిపే విశ్వవిద్యాలయాలు మాత్రం తగినన్ని రాలేదు.

వీటిలో సాహసమని చెప్పదగ్గది కువాలి. ఇండియానా, హవాయీ విశ్వవిద్యాలయాలు, మరికొన్ని సంస్థలు 2004లో సొంత ఆర్థిక వ్యవహారాల సాఫ్ట్‌వేర్ రాసుకోవడానికి జతకట్టాయి. వర్క్‌ఫ్లో, సర్వీస్ బస్ వంటి ఉమ్మడి భాగాలను 'కువాలి రైస్' పేరుతో విడిగా తయారుచేశారు. ఆర్థిక విభాగం సాఫ్ట్‌వేర్ విజయవంతమైంది. 2009లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం దాన్ని వాడుకలోకి తెచ్చింది. అంతకుముందే 2007లో మొదలైన 'కువాలి స్టూడెంట్' మాత్రం వేరే దారి పట్టింది. మొదటి రోజు నుంచీ పూర్తి ఎస్‌ఓఏ పద్ధతిలో, ముందు సర్వీసుల ఒప్పందాలు రాసి ఆ తరువాత సాఫ్ట్‌వేర్ కట్టాలని సంకల్పించారు. కోర్సు, పరీక్ష, వర్క్‌షాప్, ఇంటర్న్‌షిప్ అన్నిటినీ 'లెర్నింగ్ యూనిట్' అనే ఒకే భావనలోకి తెచ్చారు. ఏ దేశపు ఏ కళాశాలకైనా సరిపోవాలన్నది వారి తపన. ఏళ్లు గడిచాయి, ఖర్చు పెరిగింది, వ్యవస్థాపకుల్లో కొందరు తప్పుకున్నారు. 2014లో కువాలి ఫౌండేషన్ ఆ పనిని ఒక వాణిజ్య కంపెనీ వైపు మళ్లించింది. ఏ మెచ్యూరిటీ మోడల్‌తో కొలిచినా కువాలి స్టూడెంట్ డిజైన్‌కు ఆర్కిటెక్చర్ కోణంలో చాలా పై మెట్టు దక్కేది. పాలన కోణంలో, అంటే ఎందరో భాగస్వాములున్న ప్రాజెక్టులో ఎవరి మాట చివరిది అనే చోట, అది కింది మెట్టు దాటలేదు. ఏడు కోణాలకూ సగటు తీసి ఒక్క అంకె చెప్పే పద్ధతి ఎందుకు తప్పో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బ్యాంకుకూ విశ్వవిద్యాలయానికీ తేడా కూడా ఇక్కడే ఉంది. బ్యాంకులో పైనుంచి ఒక ఆదేశం వస్తే శాఖలు పాటిస్తాయి. విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్‌కు, పరీక్షల కంట్రోలర్‌కు, డీన్‌కు, పరిశోధన నిధులు తెచ్చుకున్న ఆచార్యుడికి ఎవరి అధికారం వారికుంది. అలా ఉండటం విద్యాస్వేచ్ఛకు అవసరం కూడా. అలాంటి చోట ఒప్పించి పని చేయించడమే పాలన. అమ్మకందారుల నమూనాల్లో ఒప్పించడాన్ని కొలిచే ప్రశ్నలు చాలా తక్కువ.

ఎస్‌ఓఏ మీద మోజు ఈలోగా తగ్గడం మొదలైంది. 2006లోనే ఐబీఎం, మైక్రోసాఫ్ట్, సాప్ తమ బహిరంగ యూడీడీఐ రిజిస్ట్రీని మూసేశాయి. 2009 జనవరిలో బర్టన్ గ్రూప్ విశ్లేషకురాలు యాన్ థామస్ మేన్స్ ఎస్‌ఓఏ చనిపోయిందనీ, సర్వీసులు మాత్రం బతకాలనీ రాసింది. సోప్ స్థానాన్ని రెస్ట్ అనే పద్ధతి ఆక్రమించింది. ఆ రెస్ట్ కూడా విశ్వవిద్యాలయంలో పుట్టిందే. 2000లో అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి రాయ్ ఫీల్డింగ్ సమర్పించిన పీహెచ్‌డీ థీసిస్ దాని మూలం. 2008లో లెనర్డ్ రిచర్డ్‌సన్ దానికీ ఒక మెచ్యూరిటీ మోడల్ చెప్పాడు. మైక్రోసర్వీసులు వచ్చాక వాటికీ మెట్లు కట్టారు. ఆ నమూనాల జాబితా ఇక్కడ అనవసరం.

ఉన్నత విద్యలో మదింపు మాత్రం ఆ కాలంలోనే కాస్త తెలివిగా మారింది. బ్రిటన్‌లో జిస్క్ 2008లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం, కింగ్స్ కాలేజ్ లండన్, లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయాలతో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ప్రయోగం నడిపింది. అమెరికాలో విద్యాసంస్థల ఐటీ ఆర్కిటెక్టులు ఐటానా పేరుతో ఒక బృందంగా ఏర్పడి అనుభవాలు పంచుకోసాగారు. నెదర్లాండ్స్ ఉన్నత విద్యకు 'హోరా' అనే రెఫరెన్స్ ఆర్కిటెక్చర్, ఆస్ట్రేలియాలో కాడిట్ సంస్థ సామర్థ్యాల పటం వచ్చాయి. ప్రశ్న మారింది. ఎన్ని సర్వీసులున్నాయని అడగడం మానేసి, విశ్వవిద్యాలయం చేయాల్సిన పనులేమిటి, వాటిలో ఏ పనికి ఎవరు బాధ్యులు అని అడగసాగారు. ఈ మలుపు నాకు సంతోషం కలిగించింది. ఎందుకంటే ఎడ్యుపర్సన్ రాసినవాళ్లు 2001లో పట్టుకున్న దారి కూడా ఇదే.

మన దగ్గరికి వస్తే, పనులు పైనుంచి కిందికి జరుగుతున్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల నెట్‌వర్క్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ షిబ్బొలెత్ ఆధారంగా ఇన్‌ఫెడ్ అనే ఉమ్మడి లాగిన్ వ్యవస్థను నడుపుతోంది. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా వేర్వేరు విశ్వవిద్యాలయాల కింద ఉన్న డిగ్రీ కళాశాలలకు ఒకే దరఖాస్తు సరిపోతోంది. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూపొందిన సమర్థ్ అనే పాలనా సాఫ్ట్‌వేర్ అనేక సంస్థలకు చేరింది. ఇవన్నీ మంచి సర్వీసులే. క్యాంపస్ గేటు లోపల మాత్రం చదువు ముగించిన విద్యార్థి ఇంకా నో డ్యూస్ కాగితం పట్టుకుని గ్రంథాలయం, ల్యాబ్, హాస్టల్, అకౌంట్స్ విభాగాల చుట్టూ తిరిగే చోట్లు చాలా ఉన్నాయి. ఆ కాగితం మీద ఉండే ఒక్కో సంతకం ఇంకా కట్టని ఒక్కో సర్వీసే.

ఇప్పుడు మెచ్యూరిటీ అనే మాట మన విశ్వవిద్యాలయాలకు అధికారికంగానే వస్తోంది. రాధాకృష్ణన్ కమిటీ సిఫార్సుల మేరకు 1 నుంచి 5 వరకు మెచ్యూరిటీ ఆధారిత స్థాయిలు ఇస్తామని విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ 2024 జనవరిలో ప్రకటించింది. అవి మొత్తం సంస్థకు ఇచ్చే స్థాయిలు. అయితే వాటికి ఇచ్చే లెక్కలు రావాల్సింది కంప్యూటర్ వ్యవస్థల నుంచే. అందుకే అంతర్గత నాణ్యత విభాగాల (ఐక్యూఏసీ) సమన్వయకర్తలకూ, కంప్యూటర్ సెంటర్ డైరెక్టర్లకూ నా విన్నపం ఇది. ఏ కన్సల్టెంటు ప్రశ్నావళీ నింపకముందు, ఒక విద్యార్థిని పేరులో అక్షరదోషం సవరించమని దరఖాస్తు పెడితే ఆ సవరణ ఎన్ని చోట్ల విడివిడిగా చేయాల్సి వస్తుందో, ఎన్నాళ్లు పడుతుందో మీ క్యాంపస్‌లో స్వయంగా వెంబడించి చూడండి. ప్రతి చోటా బాధ్యులెవరో పేరుతో సహా రాసుకోండి. ఆ కాగితాన్ని అకడమిక్ కౌన్సిల్ ముందు పెట్టండి. కొత్త సాఫ్ట్‌వేర్ టెండరు ఆ తరువాత పిలవవచ్చు.