లిఫ్ట్ దర్వాజా, దాదీ కుర్చీ



పోయిన రంజాన్‌కు ముందు దాదీని హిందూపురంలో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కూర్చునేది రెండో అంతస్తులో. లిఫ్ట్ ఉందని తెలిసి అమ్మీ అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకుంది. తీరా చూస్తే దాని దర్వాజా 27 అంగుళాలు, దాదీ చక్రాల కుర్చీ 26. (తర్వాత దర్జీ టేపు తీసుకుపోయి నేనే కొలిచాను.) ముందు చక్రాలు లోపలికి పోయాయో లేదో తలుపు మూసుకోవడం మొదలైంది. దాదీ వేళ్ల కణుపులు గీరుకుపోయాయి. "ఇంక నన్ను ఇంట్లోనే ఉండనీ బేటా, అందరికీ తక్లీఫ్" అంది. అప్పటినుంచి ఈ దర్వాజా తారీఖ్ వెతుకుతున్నాను.

తాడు తెగినా లిఫ్ట్ కింద పడకుండా ఆపే ఏర్పాటు 1850లలో అమెరికావాడు ఎలీషా ఓటిస్ చేశాడు. 1857లో న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో ఆయన లిఫ్టులో మనుషులు ఎక్కారు. పాతకాలం లిఫ్టుల్లో జాలీ గేటు లాగడానికి ఒక మనిషి ఉండేవాడు. ముసలివాళ్లు వస్తుంటే గేటు పట్టుకుని ఆగేవాడు. తలుపులు వాటంతటవే మూసుకునే కాలం వచ్చాక ఆ మనిషి పోయాడు. మెషీన్‌కు రహమ్ తెలియదు కదా, ఎన్ని సెకండ్లు ఆగాలో కాగితం మీద రాయాల్సి వచ్చింది. కట్టడాలు మాజూర్లకు ఎలా అనుకూలంగా ఉండాలో చెప్పే మొదటి ప్రమాణం అమెరికాలో 1961లో వచ్చింది. దాని వెనక పోలియో వచ్చినవాళ్లు, జంగ్‌లో కాళ్లు పోయినవాళ్లు ఉన్నారు.

మన దేశంలో 1995 చట్టం 46వ సెక్షన్ లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తులు, శబ్ద సంకేతాలు ఉండాలంది. అయితే "ఆర్థిక స్తోమత మేరకు" అనే మాట కూడా అందులోనే పెట్టారు. హక్ అని రాసి మెహర్బానీగా మార్చడం అంటే ఇదే, నా ఉద్దేశంలో. 2005 జాతీయ బిల్డింగ్ కోడ్‌లో లెక్కలు స్పష్టంగా ఉండేవి: దర్వాజా 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులకు కాస్త తక్కువ. తలుపు కనీసం 5 సెకండ్లు తెరిచి ఉండాలి, మూసుకునే వేగం సెకనుకు పావు మీటరు దాటకూడదు. ఏ అంతస్తు వచ్చిందో, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో వినబడాలని ఉండేది.

2016లో కొత్త చట్టం వచ్చింది. చూపులేని రాజీవ్ రతూరి సాహెబ్ 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పిచ్చింది. 2017 రూల్స్‌లోని 15వది వట్టి సలహాలాగా ఉంది, చట్టానికి అది సరిపోదు, తప్పనిసరి నిబంధనలు రాయండి అని హుకుం. కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లలకు అప్పటికి ఓటుహక్కు వచ్చేసింది!

పెనుకొండ గగన్ మహల్ కట్టిన రాజులు మెట్లెక్కలేనివాళ్ల గురించి ఆలోచించారా అని అడగడం అన్యాయం. కానీ ధర్మవరంలో జీవితమంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేసి మోకాళ్లు అరిగినవాళ్లు, అవే చీరలు అమ్మే మేడ ఎక్కలేకపోతే ఈ రోజుల్లో అడగొచ్చు.

మన దగ్గర కూడా ఒక తారీఖ్ ఉంది. అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపులేని సహాబీ. ఆయన విషయంలోనే సూరా అబస మొదటి ఆయతులు దిగాయి. మదీనాలో ప్రవక్త (స) ఆయన్ను ముఅజ్జిన్‌గా పెట్టుకున్నారు. ఆయన మస్జిద్ గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి కాదు.

ఇప్పుడు మా మొహల్లా మస్జిద్‌కు పై అంతస్తు వేస్తున్నారు, లిఫ్ట్ కూడా పెడతారట. చందా బాగానే వస్తోంది. పైన చెప్పిన లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి కమిటీ సదర్ సాహెబ్‌కు ఇచ్చాను. "900 అంటే గోడ కొట్టాలి భాయీ, ఖర్చవుతుంది" అన్నారు. ఇంకా గోడ కట్టలేదు కదా అన్నాను. జుమా తర్వాత కూర్చుందామన్నారు. దాదీని కుర్చీతో సహా తీసుకుపోతున్నాను.