చుట్టమొస్తే చీటీ

ఇంటికి చుట్టమొస్తే మనం ముందు మంచినీళ్ళిస్తాం కదా! లండన్‌లోని బార్నెట్‌లో కొన్ని వీధులవాళ్ళు మాత్రం ముందు పార్కింగ్ చీటీ ఇవ్వాలి.

లండన్‌లో పార్కింగ్ మీటర్లు 1958లో మేఫెయిర్‌లో మొదలయ్యాయి. కార్లు పెరిగేకొద్దీ బయటివాళ్ళ బళ్ళతో ఇంటివాళ్ళకే చోటు లేకుండా పోతోందని, తర్వాత పర్మిట్లు వచ్చాయి. అంటే ఇది ఇంటివాళ్ళ మేలు కోసం పుట్టిన ఏర్పాటే.

2011లో బార్నెట్ కౌన్సిల్ ఏడాది పర్మిట్‌ని 40 పౌండ్ల నుంచి 100కి, చుట్టాల చీటీని 1 పౌండు నుంచి 4కి పెంచింది. మిగులు డబ్బుతో రోడ్ల బాగు వంటి వేరే ఖర్చులు గడుపుకోవాలని దాని ఆలోచన. మరి మనవల్ని చూసుకోడానికి కార్లో వచ్చే అమ్మమ్మకీ, ముసలి తల్లికి అన్నం పెట్టి వెళ్ళే కూతురికీ అదే లెక్క!

అక్కడి నివాసి ఒకరు కోర్టుకెక్కారు. 1984 నాటి చట్టం ఉన్నది పార్కింగ్‌ని అదుపులో పెట్టడానికేగానీ ఆదాయం పెంచుకోడానికి కాదని, ఆ పెంపు చెల్లదని 2013 జులైలో హైకోర్టు తీర్పిచ్చింది.

పిల్లల ఫీజుకని అడిగి తీసుకున్న డబ్బుతో చీర కొంటే, ఇంట్లో లెక్క చెప్పుకోవాలి కదా. కౌన్సిలైనా అంతే!