మెయిల్ బండిలో మొదటి తరగతి

రైలు పెట్టెల్లో మొదటి తరగతికి తొలినాళ్ల నుంచీ గుర్తు, లోపలినుంచి గడియ వేసుకోగల తలుపు. పరుపు, పంకా, పింగాణీ పళ్లెం ఆ తర్వాత వచ్చి చేరాయి. హౌరా–మద్రాసు దారిలో ఈ తరగతి చరిత్ర ఖరగ్‌పూర్ మీదుగా సాగుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్‌.ఆర్‌.) పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఖరగ్‌పూర్‌కు పట్టాలు తెచ్చింది. కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన సిద్ధమయ్యాక, 1900లో హౌరాతో సంబంధం కుదిరింది. కటక్ నుంచి బెజవాడ వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1890లలో వేసిన దారిలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బి.ఎన్‌.ఆర్‌.కు, దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకు 1901–02లో దక్కాయి. ఇలా హౌరాకూ మద్రాసుకూ మధ్య సుమారు 1,660 కిలోమీటర్ల దారి ఏర్పడింది. అంత దూరం పోయే బండిలో నిద్ర, తిండి, స్నానం అన్నీ కంపెనీ ఆలోచించాల్సిన విషయాలయ్యాయి. అయితే ఆ ఆలోచన చాలాకాలం పైతరగతుల దగ్గరే ఆగిపోయింది.

ఆనాటి పెట్టెల్లో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచే దారి ఉండేది కాదు. ప్రతి గదికీ ప్లాట్‌ఫారం మీదికే తలుపు. ఇద్దరికి సరిపోయే చిన్న గదిని కూపే అనేవారు. మొదటి తరగతి వారి నౌకర్లకు పక్కనే వేరే చిన్న అర ఉండేది. పక్కబట్టలు ఎవరివి వారే హోల్డాల్‌లో చుట్టి తెచ్చుకునేవారు. వేసవిలో స్టేషన్లో మంచుదిమ్మ కొని, తొట్టిలో పెట్టించి గది మధ్య ఉంచుకునేవారు. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టేవారు. ఈ సౌకర్యాల్లో చాలావరకు ప్రయాణికుడి సొంత మనుషులు, సొంత సామాను వల్ల సమకూరినవే. కంపెనీ అమ్మింది ముఖ్యంగా చోటు, ఏకాంతం.

కంపెనీ సేవ కనిపించేది భోజనం దగ్గర. ప్రయాణికుడు ఏం కావాలో గార్డుతో చెబితే, అతను ముందున్న స్టేషన్లోని రిఫ్రెష్‌మెంట్ రూముకు తంతి కొట్టించేవాడు. బండి ఆగేసరికి బేరర్ పళ్లేలతో సిద్ధంగా ఉండేవాడు. తెల్లవారుజామున టీ, రొట్టెముక్కలతో చోటా హాజరీ గది తలుపు దగ్గరికే వచ్చేది. భోజనశాల పెట్టె తగిలించిన బండ్లలో మరో చిక్కు ఉండేది. పెట్టెల మధ్య దారి లేదు కనుక, తినదలచినవారు ఒక స్టేషన్లో దిగి ఆ పెట్టె ఎక్కి, తిన్నాక మళ్లీ బండి ఆగేదాకా అక్కడే కూర్చోవాలి. పెట్టెలను కలిపే వెస్టిబ్యూల్ వచ్చాకే భోజనం చేసినవారు తమకు ఇష్టమైనప్పుడు లేచి వెళ్లగలిగారు. పళ్లెం బెర్తు దగ్గరికి నడిచి వచ్చే వీలూ దానివల్లే కలిగింది.

ఆతిథ్యంలో బి.ఎన్‌.ఆర్‌.కు మంచి పేరుండేది. రాంచీలో, పూరీలో అది నడిపిన హోటళ్లను ఇప్పటికీ ఆ మూడక్షరాలతోనే పిలుస్తారు. రైల్వే మటన్ కర్రీ అనే కూర ఒక తెల్లదొర వల్ల పుట్టిందని నేడు హోటళ్లు చెప్పే కథలను మాత్రం కాస్త జాగ్రత్తగా వినడం మేలు. ఇంగ్లీషువాడి నాలుకకు తగ్గట్టు కారం తగ్గించిన కూరలు రైల్వే వంటగదుల్లో ఉండేవన్నంతవరకు అనుమానం అక్కర్లేదు.

అదే బండి వెనక పెట్టెల సంగతి వేరు. పైతరగతి పెట్టెల్లో 1891 నాటికే వచ్చిన మరుగుదొడ్డి, కిందితరగతికి చేరడం 1909 తర్వాతి మాట. 1917లో బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో ప్రయాణించిన గాంధీ, మొదటి తరగతి ఛార్జీ మూడో తరగతికి సుమారు అయిదు రెట్లని లెక్కగట్టి, సౌకర్యాల తేడా అంతకు ఎన్నో రెట్లుందని రాశాడు. రైల్వేలను పోషించిన జనం ఆ పెట్టెల్లోనే ఉండేవారు.

ఖరగ్‌పూర్‌లో ఈ తేడా ఊరి కట్టడంలోనే కనిపిస్తుంది. సౌత్ సైడ్‌లో అధికారుల బంగళాలు, మిగతా చోట్ల హోదాను బట్టి క్వార్టర్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పని మొదలుపెట్టిన వర్క్‌షాపుకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో వచ్చి చేరారు. మెయిల్ బండి పెట్టెలను విప్పి, రంగువేసి, పరుపులు కుట్టి, మళ్లీ పట్టాల మీదికి పంపే కార్ఖానా అది. అక్కడ మొదటి తరగతి గదిని తీర్చిదిద్దిన పనివాడు సెలవుకు ఊరెళ్లేటప్పుడు పాసు మీద ఎక్కేది కిందితరగతి పెట్టె. పాసు తరగతిని జీతం నిర్ణయించేది. 1927లో ఉద్యోగాల కోత మీద ఈ వర్క్‌షాపులో జరిగిన పెద్ద సమ్మెకు నాయకత్వం వహించినవారిలో, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు.

1944లో బి.ఎన్‌.ఆర్‌. ప్రభుత్వపరమైంది. 1955లో ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వేలో భాగమైంది. అదే ఏడు పాత మొదటి తరగతి రద్దయింది. రెండో తరగతికి మొదటిదనీ, ఇంటర్ తరగతికి రెండోదనీ పేర్లు మారాయి. 1974లో మూడో తరగతి అన్న మాట కూడా పోయింది. పెట్టె మీది అంకె మారినంత తేలిగ్గా లోపలి బల్ల మారలేదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

అసలు మార్పు చల్లదనంతో వచ్చింది. మనదేశంలో 1936లో తొలి ఎయిర్ కండిషన్డ్ పెట్టె తయారైంది. 1956లో హౌరా–ఢిల్లీ మధ్య మొత్తం ఏసీ బండి నడిచింది. ఈలోగా 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడింది; 1964లో కారవెల్ జెట్‌లు వచ్చాయి. డబ్బున్నవాడు, ప్రభుత్వ ఖర్చుతో తిరిగే అధికారి నెమ్మదిగా డమ్‌డమ్ విమానాశ్రయం దారి పట్టారు. 1969లో హౌరా–ఢిల్లీ రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టుతోనే భోజనం కలిపి, సీటు దగ్గరికే ట్రే పంపడంలో విమానం పోలిక స్పష్టంగా ఉంది. తూర్పుతీరం దారికి 1977లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. వేగం దాని ఘనత. భోజనం మాత్రం విడిగా కొనుక్కోవాల్సిందే. పాంట్రీ కారు నుంచి వచ్చే కట్‌లెట్, బ్రెడ్ ఆమ్లెట్ ఈ దారిలో భోజనశాల పెట్టెకు వారసులు.

ఆ తర్వాత చల్లదనం ఒక్కో మెట్టు దిగింది. 1970ల చివర్లో ఏసీ టూ టైర్, 1993లో త్రీ టైర్. దుప్పటి, దిండు కూడా వాటితోపాటే దిగి, ఏసీ బెర్తుల ప్రయాణికులకు అందాయి. ఏసీ లేని ఫస్ట్‌క్లాసుకు ఇక ప్రత్యేకత మిగలక అది దాదాపు కనుమరుగైంది. విమానాల్లోనూ ఇలాంటి మధ్యమెట్టే పుట్టింది. విస్తారా విమానసంస్థ 2015లో దేశీయ మార్గాల్లో ప్రీమియం ఎకానమీ తెచ్చింది. ఒకే తరగతితో పెరిగిన ఇండిగో కూడా 2024లో ఢిల్లీ–ముంబై మధ్య స్ట్రెచ్ పేరుతో పెద్ద సీట్లు అమ్మడం మొదలుపెట్టింది.

ఖరగ్‌పూర్ పక్కన కలైకుండలో ఉన్నది వాయుసేన స్థావరం. ఊరివాళ్లు పౌరవిమానం ఎక్కాలంటే మామూలుగా కలకత్తా వెళ్తారు. విమానపు పద్ధతి మాత్రం 2023 మేలో హౌరా–పూరీ వందే భారత్‌తో ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీదికే వచ్చింది. ఎగ్జిక్యూటివ్ తరగతిలో వరుసకు నాలుగు సీట్లు, మామూలు చైర్ కార్‌లో అయిదు. ట్రే రెండింటికీ వస్తుంది. భోజనం వద్దనుకుంటే టికెట్టు కొనేటప్పుడే చెప్పి, ఆ మేరకు ధర తగ్గించుకోవచ్చు.