గోడకు బొమ్మ ఎక్కేముందు

1960 సెప్టెంబరు మొదటి శనివారం. అమెరికాలో లేబర్ డే సెలవులు. ఉక్కు కొలిమిల ఊరు పిట్స్‌బర్గ్‌లోని పెన్ షెరటన్ హోటల్లో సందడి మొదలైంది. సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఏటా ఒక ఊళ్ళో జరుపుకునే వరల్డ్‌కాన్ ఈసారి ఇక్కడ. ముఖ్య అతిథి రచయిత జేమ్స్ బ్లిష్. కబుర్లతో నవ్విస్తూ విందు సభను నడిపే బాధ్యత ఐజాక్ అసిమోవ్‌ది. రాబర్ట్ హైన్‌లైన్ నవల ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’కి హ్యూగో పురస్కారం ప్రకటించేదీ ఈ మూడు రోజుల్లోనే.

ఇంతమంది పేరున్నవాళ్ళు ఒక్కచోట చేరితే, వాళ్ళ వెనక తిరగాలని ఏ అభిమానికి ఉండదు? ముప్పై నిండని ఒక యువతి మాత్రం బొమ్మల ప్రదర్శన పని నెత్తికెత్తుకుంది. బీజో ట్రింబుల్ అన్న పేరుతో తర్వాత లోకానికి తెలిసిన మనిషి. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చింది. అభిమానులు నడిపే చిన్న పత్రికలకు తనూ బొమ్మలు వేస్తుంది.

ఆ ప్రదర్శన గదిని మనసులో కట్టుకుని చూద్దాం. నేల మీద విప్పిన అట్టపెట్టెలు, కత్తిరించిన పురికొస. ఒక కట్టలోంచి అంగారకుడి ఎర్రనేల బయటపడుతుంది, ఇంకో కట్టలోంచి రెక్కలు విప్పిన డ్రాగన్. ఏది ఎవరిదో రాసుకోవాలి. ఏది ఏ ఎత్తున ఉంటే కంటికి అందుతుందో చూడాలి. తగిలించి, వెనక్కి నడిచి, తల వంచి చూసి, మళ్ళీ తీసి తగిలించాలి.

వరల్డ్‌కాన్ చరిత్రలో పద్ధతిగా నడిచిన మొదటి ఆర్ట్ షో ఇదే. అంతకుముందు సభల్లో బొమ్మలు లేవని కాదు. పత్రికల యజమానులు ముఖచిత్రాల అసలు ప్రతుల్ని సభకు దానంగా పంపేవారు. వాటిని వేలం వేస్తే వచ్చిన డబ్బు సభ ఖర్చులకు పోయేది. బొమ్మ వేసిన చేతికి మాత్రం పైసా దక్కేది కాదు. ఇక పత్రికల గడప తొక్కని కొత్త చిత్రకారులకైతే తగిలించుకునే గోడే లేదు. అభిమానుల బొమ్మలకు ఒక ప్రదర్శన పెడదామన్న ఆలోచన సేథ్ జాన్సన్ అనే అభిమానిది. ఆలోచన ఎవరికైనా రావచ్చు. దాన్ని భుజాన వేసుకుని నిలబెట్టింది బీజో. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ భారం మోసింది కూడా ఆమే.

ఆనాడు వేసిన బాట ఇప్పుడు పెద్ద వ్యవస్థ. ఈనాటి ఆర్ట్ షోలో తెర వెనక ఏం జరుగుతుందో తెలియాలంటే సభ తలుపులు తెరవకముందే అక్కడికి వెళ్ళాలి.

ఖాళీ హాలు. వాలంటీర్లు ఇనప గొట్టాలు బిగించి, వాటికి చిల్లుల బోర్డులు కట్టి గోడలు లేపుతున్నారు. ఒకావిడ నిచ్చెనెక్కి దీపాలు సర్దుతోంది. కొత్తగా చేరిన అమ్మాయి ఆత్రంగా ఒక పటం అందుకోబోయింది.

‘‘ముందు చేతులు తుడుచుకో, తర్వాత పటం పట్టుకో’’ అంది నిచ్చెన మీది ఆవిడ. ‘‘వేలిముద్ర పడితే అది బొమ్మలో కలిసిపోతుంది.’’

తర్వాత చిత్రకారులు వరసకడతారు. ప్రతి బొమ్మకీ ఒక నంబరు, పేరు, కనీస ధర. అవి జాబితాలో ఒకసారి, బొమ్మ పక్కన పెట్టే బిడ్ షీటు మీద ఇంకోసారి. ఒక్క అంకె తప్పితే ఒకరి బొమ్మ డబ్బు ఇంకొకరికి పోతుంది. అందుకే ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూస్తారు. రాలేనివాళ్ళు పోస్టులో పంపిన బొమ్మలు విప్పేటప్పుడు ఆ అట్టల్నీ, బబుల్ రేపర్నీ జాగ్రత్తగా మడిచి దాస్తారు. అమ్ముడుపోని బొమ్మ వాటిలోనే ఇంటికి తిరిగి వెళ్ళాలి కదా!

సభ సాగే రోజుల్లో తలుపు దగ్గర సంచులు పక్కన పెట్టించేది, ‘ఫొటోలు వద్దండీ’ అని నచ్చజెప్పేది వీళ్ళే. కొనదలచినవాళ్ళు బిడ్ షీటు మీద తమ పేరో బిడ్డర్ నంబరో వేసి, ధర రాస్తారు. ఇంకొకరు దాని కింద ఇంకాస్త పెంచి రాస్తారు. గడువు అయ్యే వేళకి హాల్లో గాలి బిగుసుకుంటుంది. ఒకే బొమ్మ ముందు ఇద్దరు ముగ్గురు కలాలు పట్టుకుని నిలబడతారు. ‘‘టైమైపోయింది, కలాలు దించండి!’’ అన్న కేక వినగానే వాలంటీర్లు వరసవరసకీ వెళ్ళి షీట్లు మూసేస్తారు. ముందుగా చెప్పిన సంఖ్య దాటి బిడ్లు పడ్డ బొమ్మలు వేలానికి, మిగతావి ఆఖరి పేరు రాసినవాళ్ళకి.

వేలంలో జనం కళ్ళన్నీ వేలంపాట పాడే మనిషి మీదే. నా మనసు మాత్రం బొమ్మను రెండు చేతులా ఎత్తి పట్టుకుని కుర్చీల వరసల మధ్య మెల్లగా నడిచే వాలంటీరు మీద ఉంటుంది. చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా రంగులు కనపడాలి. ఆ నడకలో తొందర ఉంటే చిత్రకారుడికి ధర తగ్గుతుంది.

ఇంత చాకిరీకీ జీతం లేదు. పైగా వరల్డ్‌కాన్‌లో పనిచేసేవాళ్ళు కూడా సభ్యత్వ రుసుము కట్టే లోపలికి వస్తారు. సభ ముగిశాక డబ్బు మిగిలితే కొన్నిసార్లు వెనక్కి ఇస్తారు, అంతే. ఆ కొద్ది రోజుల్లో తమకిష్టమైన రచయిత మాట వినకుండానే ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళుంటారు. పేరు రాని ఈ పనిని నేను కళాసేవలోనే లెక్కిస్తాను.

బీజో కథ ఆర్ట్ షోతో ఆగలేదు. 1966 క్లీవ్‌లాండ్ వరల్డ్‌కాన్‌లో ఆమె ఫ్యాషన్ షో నడుపుతుంటే, జీన్ రాడెన్‌బెరీ తన కొత్త సీరియల్ ‘స్టార్ ట్రెక్’ దుస్తుల్ని అందులో చేర్చమని వచ్చాడు. మరుసటి ఏడాది ఆ సీరియల్‌ని ఆపేస్తారన్న మాట పుట్టింది. భర్త జాన్‌తో కలిసి ఆమె ఉత్తరాల ఉద్యమం లేవదీసింది. ఒక్కొక్కరు పదిమందికి చెప్పాలి, ఆ పదిమందీ ఇంకో పదిమందికి చెప్పాలి. 1968 మార్చి 1న ఎన్‌బీసీ సంస్థ సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించింది. పేర్లు రాసుకోవడం, జాబితాలు కట్టడం, ఎవరి పని వాళ్ళకి అప్పజెప్పడం ఆమె అంతకుముందే ఆర్ట్ షోల్లో చేసి ఉన్న పనులే. 2002లో శాన్ హోసే వరల్డ్‌కాన్ ఈ దంపతులిద్దరినీ అభిమానుల తరఫు గౌరవ అతిథులుగా పిలిచింది.

సియాటిల్‌లో, డాలస్‌లో, బే ఏరియాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకి ఒక మాట. మీ ఊళ్ళో ఇలాంటి అభిమానుల సభ జరిగితే, బొమ్మలు చూసి వచ్చేయకండి. ఆర్ట్ షో బల్ల దగ్గరికి వెళ్ళి మీ పేరివ్వండి, పిల్లల్నీ వెంట తీసుకెళ్ళండి. ముఖ్యంగా ఆఖరి రోజు సాయంత్రం, బోర్డులు విప్పే వేళకి వెళ్ళండి. మనుషులు చాలనిది అప్పుడే.